కాస్మీ పెట్టిన చుక్కలు

చిక్ హ్వా గారి బాతిక్ కార్ఖానాలో ఐదు పొయ్యిలుండేవి. ఒక్కో పొయ్యి మీద మూకుడులో మైనం కాగుతుంటే, చుట్టూ నలుగురో ఐదుగురో ఆడవాళ్ళు పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. వెదురు చట్రానికి వేలాడేసిన తెల్లబట్ట మీద ఆ మైనం నింపిన రాగి ముక్కు కలంతో పువ్వులూ తీగలూ గీసేవాళ్ళు; తర్వాత బట్టని రంగులో ముంచితే మైనమున్న చోట రంగు అంటదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ లాసెం ఊళ్ళో ఆ పని మొదట్నుంచీ ఆడవాళ్ళదే. పన్నెండో ఏట పీటెక్కిన పిల్ల యాభై దాటినా ఆ పీట దిగదు. ఇక ముట్లు ఆగిపోయే వయసు వచ్చిందంటే ఎదురుగా పొయ్యి సెగ, లోపల్నుంచి ఒంటి సెగ. రెండు సెగల మధ్య చెయ్యి వణక్కుండా చుక్క పెట్టాలి.

నగరంలోని బోధనాసుపత్రి నుంచి డాక్టర్ వులాన్ ఆ కార్ఖానాని వెతుక్కుంటూ వచ్చింది అందుకే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెద్ద గొంతు. వచ్చిన రోజున ఎవరో కుర్చీ తెస్తే వద్దని, తనూ ఒక పీట లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. ఆవిడ వెంట వచ్చిన నర్సు రెత్నో మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. రెత్నోకి ఈ పరిశోధన అంటే మొదట్నుంచీ మనసొప్పలేదు. పద్నాలుగేళ్ళుగా ఆడవాళ్ళ వార్డులో పని చేస్తోంది. నొప్పి అన్నవాళ్ళకి మందివ్వడమే ఎరుగును. సగం మందికి మందు, సగం మందికి మందే లేని పిండిమాత్ర ఇచ్చి ఏడాదిపాటు చూస్తూ కూర్చోవడం ఆమె కళ్ళకి వైద్యంలా కనిపించలేదు. లాసెం దూరమని తక్కిన నర్సులు తప్పుకుంటే ఆ పని ఆమె నెత్తిన పడింది.

డాక్టర్ వులాన్ దాపరికం లేకుండా చెప్పింది. ముట్లు ఆగిపోయాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోతుంది, ఆవిర్లు అందుకే వస్తాయి. ఆ హార్మోనునే మాత్రగా ఇస్తే తగ్గుతాయి. కానీ మూడేళ్ళ కిందట అమెరికాలో వేలమంది ఆడవాళ్ళ మీద జరిగిన పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేశారు. హార్మోన్లు వేసుకున్నవాళ్ళలో రొమ్ము క్యాన్సరూ పక్షవాతమూ కొంచెం ఎక్కువ కనిపించాయి. అప్పట్నుంచీ సగం మంది డాక్టర్లు ఆ మాత్ర రాయడమే మానేశారు. ఓర్చుకోమ్మా అని పంపించేస్తున్నారు. బాగా తక్కువ మోతాదులో ఇస్తే ఆవిర్లు తగ్గుతాయా లేదా అన్నది ఇప్పుడు తేల్చాలి. ఈ సముద్రపు ఒడ్డున నూట అరవై మంది, ఒక ఏడాది. ఎవరికి ఏ మాత్రో వాళ్ళకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

"మరి ఎవరికి తెలుసు డాక్టరమ్మా?" అని తుమినా అడిగింది. కార్ఖానా మొత్తానికీ నోరు తుమినాదే.

"నగరంలో ఇనప్పెట్టెలో ఒక కాగితం ఉంది. దానికి తెలుసు."

"అయితే ఆ పెట్టె మా ఆయన కన్నా నయం. ఆయన కడుపులో ఆవగింజ కూడా దాగదు!"

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక మూల పొయ్యి దగ్గర్నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆమె పేరు కాస్మీ. యాభై రెండేళ్ళ సన్నటి మనిషి. బట్ట మీద బొమ్మలన్నీ ఎవరు గీసినా వాటి నడుమ నేలని నింపే సన్న చుక్కలు పెట్టడానికి ఆమె చెయ్యే కావాలి.

"డాక్టరమ్మా, ఆ అమెరికా ఆడవాళ్ళకి చెప్పి ఇచ్చారా, చెప్పకుండా ఇచ్చారా?"

"చెప్పే ఇచ్చారు. కీడు ఉందని తెలిసిన రోజున ఆపేసి, ఆ మాట కూడా చెప్పారు."

"మాకూ చెప్తారా?"

"తెలిసిన రోజునే చెప్తాను."

కాస్మీ చేతిలో కలం మూకుడు అంచున ఆనించి, మైనం అంటిన బొటనవేలు పైటకొంగుకి తుడుచుకుని, ముందుకొచ్చి వేలిముద్ర వేసింది. ఆ రోజు పరీక్షలవీ అయ్యేసరికి పద్దెనిమిది మంది చేరారు.

అప్పట్నుంచీ పదిహేను రోజులకోసారి, మంగళవారం పొద్దున రెత్నో బస్సు దిగి కార్ఖానాకి వచ్చేది. వెనక గదిలో బట్టల బీరువాల మధ్య చిన్న బల్ల వేసుకుని రక్తపోటు చూసేది, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేది, కాగితాలు తీసుకునేది. రోజుకి ఎన్ని ఆవిర్లు వచ్చాయో, అవి తేలికవో మధ్యరకమో తీవ్రమైనవో ఆ కాగితాల్లో మూడు గడుల్లో రాయాలి. మొదటి పదిహేను రోజుల కాగితాలు చూసి రెత్నోకి నీరసం వచ్చింది. తుమినా రోజుకి ఐదు, ఐదు, ఐదు అని పదిహేను రోజులూ ఒకే ఊపున రాసేసింది. ఒకామె కాగితం తెల్లగా ఉంది. ఇంకొకామె కాగితంలో మనవడు కోడిపుంజు బొమ్మ వేశాడు.

"తీవ్రం అంటే ఎంతమ్మా? నాకన్నీ తీవ్రమే," అంది తుమినా.

కాస్మీ చివర వచ్చింది. ఆమెకి చదువు రాదు. ఎవరిచేతైనా రాయించుకోమని చెబితే సరే అని తల ఊపి వెళ్ళిన మనిషి. ఇప్పుడు ఆమె చాపిన కాగితంలో ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు. రోజుకో గడి, ఆ గడినిండా పెన్సిలుతో పెట్టిన గుర్తులు.

"ఇదేంటి కాస్మీ అక్కా?"

"ఉత్త చుక్క ఉంటే, వచ్చి పోయిందని. నా పని నేను చేసుకుంటూనే ఉన్నా. చుక్క చుట్టూ సున్నా చుడితే, కలం ఆపి మొహం తుడుచుకున్నానని. ఇదిగో, ఈ చేప పొలుసు ఉందే, ఇది పెడితే ఇంక కూర్చోలేక కలం కింద పెట్టి పెరట్లోకి పోయానని."

రెత్నో ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. తేలిక, మధ్యరకం, తీవ్రం. నగరంలో నలుగురు డాక్టర్లు కూర్చుని రాసిన మూడు గడుల అర్థం అక్షరమ్ముక్క రాని మనిషి మూడు గుర్తుల్లో తేల్చేసింది. పైగా ఆ గుర్తులు అడావిడిగా బస్సు వచ్చే ముందు పెట్టినవి కావు. కొన్నింటి మీద మైనపు మరక ఉంది, కొన్నింటి మీద చెమట తడికి పెన్సిలు అలుక్కుపోయింది. వచ్చినప్పుడల్లా అక్కడికక్కడే పెట్టిన గుర్తులవి.

"నీకు ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

"ఎవరు చెప్తారు? సాయంత్రం దాకా ఆగితే మర్చిపోతాను గదా."

రెత్నో ఆ మధ్యాహ్నమే పద్దెనిమిది మందినీ కూర్చోబెట్టి కాస్మీ చేత చెప్పించింది. మొహమాటంతో మెల్లగా చెప్పింది కాస్మీ. చుక్క, సున్నా, పొలుసు. అందరికీ బుర్రకెక్కడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. అవన్నీ వాళ్ళు రోజూ బట్ట మీద పెట్టే గుర్తులే. నగరానికి తెచ్చి ఆ కాగితం చూపిస్తే డాక్టర్ వులాన్ గడిగడీ చూసింది. తర్వాత లెక్కలు కట్టే ఆయన్ని పిలిచి, "అన్ని ఊళ్ళలోనూ ఇదే పెట్టండి" అంది.

నెల తిరక్కుండా తుమినా సంబరం మొదలైంది. ఆమెకి ఆవిర్లు పోయాయి. తగ్గడం కాదు, దీపం ఆర్పినట్టు పోయాయి. జాము అనే నాటుమందు సీసాల బుట్ట వీపున కట్టుకుని పసుపు చింతపండు కషాయం అమ్మే ఆమె గుమ్మంలోకి రాగానే, "నీ సీసాలు మా ఇంటికి తీసుకుపోయి మా అత్తకి పొయ్యి. నా మాత్ర అసలు సిసలైన మాత్ర!" అని కేకేసేది. పీట మీద కూర్చుని పాటలు పాడేది. దేవుడు మొహం చూసి ఇస్తాడనేది.

కాస్మీ కాగితం మాత్రం చుక్కలతో నల్లబడిపోయి ఉండేది. రోజుకి పన్నెండు, పదమూడు, అందులో పొలుసులు నాలుగైదు. రెండో నెలలో ఒకరోజు రెత్నో కళ్ళ ముందే జరిగింది. కాస్మీ ఎర్రరంగు వేయబోయే బట్టకి చివరి మూల నింపుతోంది. ఉన్నట్టుండి మెడ నుంచి ఎరుపు పైకి పాకింది, నుదుట చెమట పట్టింది, చెయ్యి జారి కలంలోంచి మైనపు బొట్టు తెల్లటి చోట పడింది. పడిన మైనం బట్టలోకి ఇంకిపోతుంది; దాన్ని పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు. నెలన్నర పని పాడైనట్టే.

చిక్ హ్వా పరుగున వచ్చి చూసింది. పెద్దావిడ కోపిష్టి కాదు, కానీ ఆ రోజు నోరు జారింది. "నీ చెయ్యి ఇలా అయిపోతే నేనెవరిని పెట్టుకోవాలి కాస్మీ? నలభై ఏళ్ళలో నీ చెయ్యి తప్పడం ఇదే చూడ్డం!"

కాస్మీ కలం మళ్ళీ మైనంలో ముంచింది. ఆ బొట్టు చుట్టూ సన్న చుక్కలు పెట్టి దాన్ని పువ్వు చెయ్యడానికి ప్రయత్నించింది. తర్వాత కాగితం తీసి ఒక పొలుసు పెట్టింది.

భోజనాలప్పుడు రెత్నో ఆమె పక్కన చేరింది. టేకాకుల్లో అన్నం, ఆకుకూర మీద పల్లీల పచ్చడి, పక్కన ఉప్పుప్పగా సముద్రపు నాచు.

"అక్కా, నీకు ఇష్టమైన రోజున మానెయ్యొచ్చు. కాగితంలో కూడా అదే రాసి ఉంది. నిన్నెవరూ ఏమీ అనరు. బయట డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"మానేస్తే నా కాగితాలు?"

"అప్పటిదాకా ఉన్నవి ఉంటాయి. తర్వాతవి ఉండవు."

కాస్మీ నాచు ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలింది. "మా అమ్మకీ ఇట్లాగే వచ్చేవి సిస్టరమ్మా. నాకప్పుడు పదిహేనేళ్ళు. వానలో పెరట్లోకి పోయి కూర్చునేది. దయ్యం పట్టిందన్నారు. ఏవేవో కొమ్మలతో కొట్టారు. మా నాన్న మా అమ్మమ్మగారింట్లో దింపేసి వచ్చాడు. అక్కడే పోయింది. మా అమ్మకి రోజుకి ఎన్నిసార్లు వచ్చేవో, ఎంతకాలం వచ్చాయో ఎవరికీ తెలీదు. ఎవరూ ఒక్క చుక్క పెట్టలేదు." కాసేపాగి, "నాది పిండిమాత్రేలే, నాకు తెలుస్తోంది. అయినా పిండిమాత్ర వేసుకున్నవాళ్ళకి ఏమవుతుందో కూడా ఎవరో ఒకరు రాయాలిగా?" అంది.

రెత్నో తన టేకాకు మడిచి పక్కన పెట్టింది. పిండిమాత్ర ఎందుకు ఇస్తారో కళాశాలలో చదివి పరీక్ష రాసిన మనిషి ఆమె. ఆ మధ్యాహ్నం మొదటిసారి అర్థమైనట్టనిపించింది. అప్పట్నుంచీ బస్సులో వెళ్ళేటప్పుడు ఆ కాగితాలని సంచిలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకునేది.

రోజా ఉపవాసాల నెల వచ్చి వెళ్ళింది. పొద్దున వేసుకునే మాత్రని పొద్దుగుంకాక వేసుకోమని అందరికీ చెప్పి వచ్చింది రెత్నో. ఐదో నెలలో ఆమెకి ఒక విషయం పంటికింద రాయిలా తగిలింది. మాత్రలు ఎవరైనా మర్చిపోతారు. పెళ్ళికెళ్ళి ఒకరు, జ్వరమొచ్చి ఒకరు. డబ్బాలో ఒకటో రెండో మిగులుతాయి. కాస్మీకి కూడా నెలకొకటి మిగిలేది, ఎందుకు మిగిలిందో చెప్పేది. కానీ తుమినా, ఇంకో నలుగురు ఉన్న మొదటి పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒక్కటీ మిగిలేది కాదు. మూడు నెలలుగా ఐదుగురూ లెక్క తప్పలేదు. అడిగితే, "మేం శ్రద్ధగలవాళ్ళం!" అని తుమినా కళ్ళెగరేసింది.

ఆ మంగళవారమే తుమినా రక్తపోటు చూడడానికి వెనక గదిలో కూర్చుంది. చేతికి పట్టీ చుడుతుంటే రెత్నో వేళ్ళకి తడి తగిలింది. తలెత్తి చూసింది. తుమినా మెడ, చెంపలు కుంకుమ రాసినట్టున్నాయి. రవిక వీపున అతుక్కుపోయింది. బల్ల మీద ఉన్న కాగితంలో నెల రోజులుగా ఒక్క చుక్క లేదు.

"తుమినా అక్కా."

"ఎండ సిస్టరమ్మా. ఈ గదిలో గాలెక్కడుంది?"

రెత్నో పట్టీ విప్పేసి ఆ ఖాళీ కాగితాన్ని ఆమె వైపు జరిపింది. అంత నోరున్న మనిషి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

కథంతా అప్పుడు బయటికొచ్చింది. తనకి ఆవిర్లు పోయిన కొత్తలో పొయ్యి దగ్గర తక్కిన నలుగురూ అల్లాడిపోతుంటే చూడలేక, తన మాత్రలు వాళ్ళకి ఒక్కొక్కటి పంచింది. వాళ్ళవి తను మింగింది. తీసుకున్న మొదటి వారం వాళ్ళూ తగ్గాయన్నారు. అలా మూడు నెలలు మార్చుకున్నారు; ఎవరి డబ్బాలో ఒకటి మిగిలినా ఇంకొకరు మింగేసేవాళ్ళు. నాలుగో నెలలో తుమినాకి ఆవిర్లు మళ్ళీ మొదలయ్యాయి. మంచి మాత్రలన్నీ పంచేశానని, అందుకే ఇలా అయిందని అనుకుంది. ఇన్నాళ్ళూ నా మాత్ర నా మాత్ర అని డప్పు కొట్టుకుని, ఇప్పుడు పోయిందని ఏ మొహంతో చెప్తుంది? కాగితం ఖాళీగా వదిలేసింది.

"కాస్మీకీ ఇచ్చావా?"

"ముందు దానికే ఇచ్చాను. మైనం పడిన రోజు. చేతిలో పెట్టి మూసేశాను. తిరిగి నా డబ్బాలో వేసేసింది. 'నా కాగితంలో నాదే రాయాలి తుమినా, నీ మాత్ర మింగి నా చుక్క ఎలా పెడతాను?' అంది. ఎవరికీ చెప్పకే అన్నాను. 'అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట, నేను చెప్పేది కాదు' అంది. ఆ రోజు నుంచీ నాతో మామూలుగానే ఉంది, అదే నాకు ఎక్కువ బాధ."

రెత్నో ఐదుగురి దగ్గరా గుర్తున్నంత మేరకు ఎవరు ఎవరికి ఎప్పుడు ఎన్ని ఇచ్చారో రాసుకుంది. తిరుగు బస్సులో ఆ కాగితం ఆమె ఒళ్ళో నిప్పుకణికలా ఉంది. దీన్ని చెప్తే లాసెంలో పని ఆపేయొచ్చు. పద్దెనిమిది మంది ఐదు నెలల శ్రమ గాలికి పోవచ్చు. కనిపెట్టలేదని తనకీ మాట రావచ్చు. చెప్పకపోతే? ఐదుగురు ఇంక మార్చుకోమని ఒట్టేశారు. ఎవరికీ తెలిసే దారి లేదు.

శుక్రవారం పొద్దున డాక్టర్ వులాన్ గదిలో ఆ కాగితం బల్ల మీద పెట్టింది. డాక్టరు రెండుసార్లు చదివింది.

"నువ్వు చెప్పకపోతే ఇది ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు," అంది.

"కాస్మీకి తెలుసు డాక్టర్."

వులాన్ కళ్ళజోడు తీసి రెత్నో వైపు కాస్త విడ్డూరంగా చూసింది. ఆ మధ్యాహ్నమే పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఆసుపత్రి నీతి సంఘానికి ఉన్నదున్నట్టు రాసి పంపింది. రెండు వారాలకి పని కొనసాగించమని జవాబొచ్చింది. ఈసారి మంగళవారం బస్సులో ఇద్దరూ వచ్చారు.

కార్ఖానాలో ఎవరూ తలెత్తలేదు. డాక్టరు మొదటి రోజులాగే పీట లాక్కుని కూర్చుంది, ఈసారి తుమినా పొయ్యి దగ్గర.

"మమ్మల్ని తీసేస్తారా డాక్టరమ్మా?" అని తుమినా అడిగింది.

"తియ్యను. ఇనప్పెట్టె కాగితంలో ఎవరికి ఏ మాత్ర అని ఉందో ఆ వరసలోనే లెక్కేస్తాను. మధ్యలో మీరు మార్చుకున్నారని కూడా రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తేనే చదివినవాళ్ళు నమ్ముతారు." గొంతు తగ్గించింది. "తప్పు మీ ఒక్కరిదే కాదు. అరటిపండు ఉన్నా ఆరు ముక్కలు చేసే చోటికి వచ్చి, మాత్ర పంచుకోవద్దని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయాను. ఎందుకు పంచుకోకూడదో చెప్పలేదు. మీలో ఒకరికి రక్తపోటు ఉంది. ఆమె ఏది ఎంత మింగిందో తెలియకుండా రేపు ఏదైనా అయితే నేనేం వైద్యం చేస్తాను? మీరు మంచిపని అనుకునే చేశారు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు."

తుమినా తన ఖాళీ కాగితం తెచ్చింది. పోయిన రోజులవి ఇప్పుడు పెట్టొద్దని డాక్టరు చెప్పింది, జ్ఞాపకం మీద పెట్టినవి లెక్కలోకి రావంది. "ఇవ్వాళ్టి నుంచి పెట్టు." తుమినా అక్కడే, అందరి ముందూ, ఆ రోజు గడిలో మూడు పొలుసులు పెట్టింది. ఎవరూ నవ్వలేదు. కాస్మీ తన పీట జరిపి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఏడాది నిండింది. ఆఖరి పరీక్షలయ్యాయి. తర్వాత నాలుగు నెలలు, ఎవరి మాత్రలు వాళ్ళకి పాతవే అందుతుండగా, నగరంలో లెక్కలే లెక్కలు. అన్ని ఊళ్ళ కాగితాలూ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంక ఒక్క గుర్తు కూడా మార్చడానికి వీల్లేదని తాళం వేశాకే ఇనప్పెట్టె తెరిచారు. లాసెం వాళ్ళ పేర్లున్న పట్టిక రెత్నో చేతికొచ్చింది. ఆమె మొదట కాస్మీ పేరు చూసింది. తర్వాత తుమినా పేరు చూసింది. పట్టిక తలకిందులుగా పట్టుకున్నానేమో అని ఇంకోసారి చూసింది.

తుమినాది పిండిమాత్ర. కాస్మీది అసలు మాత్ర.

రెత్నో బీరువా తెరిచి కాస్మీ కాగితాలు బయటికి తీసి నెలల వరసన నేల మీద పరిచింది. ఇన్నాళ్ళూ పదిహేను రోజులకి ఒకటి చొప్పున చూసింది తప్ప అన్నీ కలిపి ఎప్పుడూ చూడలేదు. మొదటి నెల గడులు నల్లగా ఉన్నాయి. రెండో నెలలోనూ అంతే. మూడో నెల నుంచి పొలుసులు పలచబడ్డాయి, వాటి చోట సున్నాలొచ్చాయి. ఆరో నెలకి సున్నాలు పోయి చుక్కలు మిగిలాయి. చివరి నెలలో రోజుకి రెండు, కొన్ని రోజులు ఒకటి, ఐదు రోజులు ఏమీ లేవు. ఇంత తగ్గినా కాస్మీ ఒక్కసారి కూడా తగ్గిందని నోటితో అనలేదు. తనది పిండిమాత్రే అని గట్టిగా నమ్మింది. అలా నమ్మినా చుక్కలు పెంచి పెట్టాలని ఆమెకి అనిపించలేదు, తగ్గినప్పుడు తగ్గించి పెట్టడానికి వెనకాడలేదు.

పరిశోధన మొత్తంలో తేలిందీ అదే దారిలో ఉంది. తక్కువ మోతాదు పని చేసింది, కాకపోతే నెమ్మదిగా. పిండిమాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా చాలామందికి మొదటి మూడు నెలలు బాగా తగ్గి, తర్వాత తిరగబెట్టింది. రొమ్ము జబ్బుల సంగతి ఒక ఏడాదిలో, నూట అరవై మందిలో తేలేది కాదని డాక్టర్ వులాన్ నివేదిక మొదటి పేజీలోనే రాసింది.

లాసెం వచ్చి రెత్నో చెప్పగానే కార్ఖానా అంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. మొదట నవ్వింది తుమినాయే. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది.

"పిండా? నేను ఊరందరికీ పంచింది పిండా? ఒసేయ్, ఆ నలుగురూ నాకు ఇచ్చిన వాటిల్లో అసలు మాత్రలు ఎన్ని మింగానో!" అని నవ్వి, ఒక్కసారిగా ఆగింది. "సిస్టరమ్మా, మరి ఆ మొదటి నెలలో నాకు హాయిగా ఉందే, అది అబద్ధమా?"

"అబద్ధం కాదక్కా. నీ కాగితంలో ఆ నెల చుక్కలు లేవు. నీకు నిజంగానే తగ్గింది."

"పోనీలే. నాలుగు పాటలైనా పాడుకున్నాను."

కాస్మీ తన కాగితాలు చూపించమంది. రెత్నో వాటిని పనిబల్ల మీద వరసగా పరిచింది. కాస్మీ ఒక్కొక్క కాగితం దగ్గరా ఆగి, పూర్తయిన బట్టని అమ్మే ముందు చూసినట్టు చూసుకుంటూ చివరిదాకా నడిచింది. మళ్ళీ వెనక్కొచ్చి మూడో నెల దగ్గర నిలబడింది.

"ఇక్కడ తగ్గడం మొదలెట్టిందన్నమాట. నాకే తెలీలేదు సుమా."

చిక్ హ్వా దగ్గరికొచ్చి చూసింది. చుక్కల విలువ తెలిసిన మనిషి. ఆమె కాస్మీ భుజం మీద చెయ్యి వేసింది.

కావలసినవాళ్ళకి ఇంకో ఏడాది మాత్రలు ఆసుపత్రి ఇస్తానంది, ఆర్నెల్లకోసారి రొమ్ము పరీక్ష చేయించుకోవాలన్న షరతు మీద. తుమినా ఈసారి అసలు మాత్ర అడిగి మరీ తీసుకుంది. డబ్బా ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బాలో దాచుకుందని అందరూ ఏడిపించేవాళ్ళు. కాస్మీ వారం ఆలోచించి వద్దంది. అప్పటికి వచ్చేవి ఓర్చుకోగలననుకుంది. మానేశాక రోజుకి నాలుగైదు తిరిగొచ్చాయి. ఆమె ఎవరూ అడక్కపోయినా ఇంకో మూడు నెలలు కాగితం మీద పెట్టి, బస్సు స్టాండులో రెత్నోకి అందించింది. మానేసినవాళ్ళ సంగతి కూడా మీకు కావాలేమో అంది. డాక్టర్ వులాన్ వాటిని చూసి ఆశ్చర్యపోయి, తర్వాతి పరిశోధనలో ఆ భాగం కూడా కలిపింది.

ఆ తర్వాతి పరిశోధన ఉప్పుమళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మధ్య మొదలైంది. మొదటి రోజున రెత్నో లాసెంలో దిగి కాస్మీని వెంటబెట్టుకుంది. చిక్ హ్వా ఆ రోజు సెలవిచ్చింది. కాస్మీ పండక్కి కట్టుకునే ఎర్ర బాతిక్ కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. "నేనేం చెప్తాను సిస్టరమ్మా, వాళ్ళు నన్ను చూసి నవ్వరూ?" అని దారిలో నాలుగుసార్లు అడిగింది.

ఉప్పుమళ్ళ పక్కన తాటాకు పాకలో ఇరవై మంది కూర్చున్నారు. రెత్నో మాట్లాడినంతసేపూ వాళ్ళు పక్క చూపులు చూశారు. కాస్మీ లేచి పెన్సిలు పట్టుకోగానే అందరూ ఆమె చేతి వైపు తిరిగారు. పాదాలు ఉప్పుకి పగిలిన ఒకామె ముందు వరసలోంచి అడిగింది.

"మంచి మాత్ర ఏదో నీకు తెలిసే ఉంటుంది గదా అక్కా? మాకు చెవిలో చెప్పు."

"నేను ఏడాదంతా నాది పిండనే అనుకున్నాను చెల్లీ. తీరా చూస్తే కాదు. అందుకే అనుకోవడం పక్కనబెట్టు," అంటూ కాస్మీ ఆమె ముందు కాగితం పరిచి, పెన్సిలు చేతిలో పెట్టింది. "పొద్దున్నించి నీకు ఎన్నొచ్చాయి?"

ఆమె ఉప్పు అంటిన వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.